గీతకు బెత్తెడు ఇవతల

ఇంటా బయటా అందరూ ఆమెను తూనీగ అనే పిలిచేవారు. చిన్నప్పుడు ఒకచోట కుదురుగా నిలిచేది కాదని అన్న పెట్టిన పేరది. ముప్పై ఆరేళ్ళు వచ్చినా ఆ పేరు వదల్లేదు, ఆ కుదురూ రాలేదు. దొరికిన ఉద్యోగం కూడా పేరుకు తగ్గట్టే ఉంది. రక్తపరీక్షలు చేసే ఒక లాబ్ తరఫున పొద్దున్న ఆరింటికల్లా స్కూటరెక్కి, ఇల్లిల్లూ తిరిగి, రక్తం తీసి, ఆ గొట్టాలను చల్లటి పెట్టెలో సర్దుకుని పదింటిలోగా లాబ్‌లో అప్పగించాలి. పరగడుపున ఎదురుచూసే మనిషి దగ్గరికి పావుగంట ఆలస్యంగా వెళితే, ఈమె సూది తీసేలోపే అవతలివాళ్ళు మాటలతో గుచ్చేస్తారు.

అందుకని తూనీగ బండి మీద ఆగడమంటే ఎరగదు. రెండు బస్సుల మధ్య సందు కనిపిస్తే దూరిపోయేది. అద్దాలు పక్క బళ్ళకు తగులుతున్నాయని రెంటినీ లోపలికి మడిచేసింది. సిగ్నల్ దగ్గర అంకెలు మూడు, రెండు, ఒకటి అని తగ్గుతుంటే అందరూ నెమ్మదిస్తారు, ఆమె వేగం పెంచేది. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా కింద పడలేదు. ఆ మాట నలుగురిలో చెప్పుకోవడమంటే ఆమెకు మహా ఇష్టం.

వదిన తీరు వేరు. ఆవిడ కర్టెన్లు కుట్టేది. ముందు గదిలో మిషను, గోడకు నిలబెట్టిన బట్ట తానులు, మెడలో ఎప్పుడూ వేలాడే టేపు. కిటికీ కొలత ఒకసారి తీసి రాసుకుందంటే ఇక రెండోసారి చూడక్కర్లేదు. ఆవిడ కుట్టిన కర్టెను అంచు నేలకు వేలెడు పైన, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే తీరున నిలుస్తుంది. అయితే కొలతలకు వెళ్ళాలన్నా, కుట్టినవి ఇచ్చి రావాలన్నా బస్సే దిక్కు. పరుపంత మూట భుజానేసుకుని బస్సెక్కితే కండక్టరు రోజూ ఒకటే అడిగేవాడు: "ఏమ్మా, ఇల్లు ఖాళీ చేస్తున్నారా?"

నలభై నాలుగో ఏట వదిన స్కూటరు కొనుక్కుంది. తన కష్టార్జితంతోనే. నేర్పే బాధ్యత తూనీగ మీద పడింది. పడటమేమిటి, తనే ఎగబడి తీసుకుంది.

"ఏ నేర్పేవాళ్ళ దగ్గరికో పంపిద్దామే," అన్నాడు అన్న.

"ఇంట్లో నన్ను పెట్టుకుని బయటివాళ్ళెందుకన్నయ్యా? నెల తిరిగేసరికి వదిన నీ ముందు నుంచి రయ్యిమని పోకపోతే నా పేరు మార్చు."

ఖాళీ మైదానంలో నెలన్నర నేర్చుకుంది వదిన. ప్రతిదీ అడిగి తెలుసుకునేది. రెండు బ్రేకులూ ఒకేసారి నొక్కాలా, హెల్మెట్ పట్టీ ఎంత బిగించాలి, ఆగి ఉన్న కారుకు ఎంత దూరంలో వెళ్ళాలి, ఉన్నట్టుండి ఎవరైనా తలుపు తెరిస్తే ఎలా? తూనీగ నవ్వేది. "ఇన్ని ఆలోచిస్తే బండి కదలదు వదినా. అలవాటైతే అన్నీ అవే వస్తాయి." వదిన మాత్రం పట్టీ కింద రెండు వేళ్ళు పెట్టి చూసుకున్నాకే బండెక్కేది. లైసెన్సు కూడా మొదటిసారికే వచ్చింది.

ఒక శనివారం పదిన్నరకు మొదటిసారి పెద్ద రోడ్డు మీదికి బయల్దేరారు. ఊరికి ఆ చివర ఒక దంతవైద్యుడి క్లినిక్‌లో కిటికీల కొలతలు తీసుకోవాలి. పదకొండున్నరకు వస్తామని చెప్పారు. ముందు తూనీగ, వెనక వదిన.

"మధ్యలో విడిపోతే ఎలా? నాకు దారి తెలియదు," అంది వదిన, గేటు దగ్గర.

"విడిపోం. నా వెనకాలే రా. నా వెనక లైటు ఒక్కటే చూస్తూ రా, ఇంకేమీ చూడకు."

మొదటి కూడలిలో పసుపు లైటు పడుతుండగా తూనీగ దాటేసింది. వదిన ఆగిపోయింది. తూనీగ అవతల రోడ్డు పక్కన నిలబడి, గడియారం చూసుకుంటూ, నిమిషమున్నర ఎదురుచూసింది. వదిన రాగానే విసుక్కుంది.

"ఇలా ప్రతి లైటుకీ ఆగుతూ కూర్చుంటే పొద్దుగూకుతుంది వదినా! నేను దాటితే నువ్వూ దాటెయ్. నేను చూసుకునే కదా వెళ్తాను!"

"సరే, సరే, కోప్పడకు," అంది వదిన. ఆవిడ మొహం ఎర్రబడింది. పక్కనున్న ఆటోవాడు ఇద్దరినీ చూసి నవ్వాడు కూడా.

రెండో కూడలిలో అంకెలు రెండు, ఒకటి అంటుండగా తూనీగ దూసుకుపోయింది. వెనక్కి చూడలేదు. చూద్దామన్నా అద్దాలు మడిచే ఉన్నాయి. వెనక పెద్ద చప్పుడైంది. పెద్ద బీరువా ఒకటి మెట్ల మీద నుంచి దొర్లినట్టుంది ఆ చప్పుడు.

పక్క రోడ్డు నుంచి ఆకుపచ్చ లైటు చూసుకునే బయల్దేరిన సామాన్ల వ్యాను అది. డ్రైవరు దిగి తల పట్టుకుని రోడ్డు మీదే కూలబడ్డాడు. వదిన స్కూటరు కింద ఒక కాలు, బయట ఒక కాలుగా పడి ఉంది. హెల్మెట్ పగిలింది. పట్టీ ఊడలేదు. ఆ పట్టీయే ఆవిణ్ణి బతికించిందని తర్వాత డాక్టరు చెప్పాడు.

కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. చీలమండ నుజ్జయింది. ప్లేటు వేసి స్క్రూలు బిగించారు. తలకు పైకి కనిపించే దెబ్బ లేదు గాని, లోపల అదురుకు ఆ పొద్దుట జరిగిందంతా ఆవిడ జ్ఞాపకంలోంచి తుడిచిపెట్టుకుపోయింది. స్నానం చేసి టేపు సంచిలో పెట్టుకోవడం దాకా గుర్తుంది. ఆ తర్వాత ఆసుపత్రి పైకప్పే.

ట్రాఫిక్ పోలీసు ఆసుపత్రికి వచ్చి కెమెరాలో చూసింది చెప్పాడు. "ఎర్ర లైటు పడ్డాక మీ ఆవిడ లోపలికొచ్చిందండీ. వ్యానువాడి తప్పేం లేదు." అన్న ఆ మాట విని తలదించుకున్నాడు. తర్వాత చెల్లెలి వైపు తిరిగాడు.

"నువ్వు ముందున్నావు కదా. ఏం జరిగింది?"

ఆ వరండాలో, మందుల వాసన మధ్య, తూనీగకు నిజం నాలుక చివర దాకా వచ్చింది. కానీ బయటికి వచ్చింది ఇంకో మాట.

"నేను... నేను దాటేశానన్నయ్యా. వెనక్కి తిరిగేసరికి ఇలా అయిపోయింది."

అది అబద్ధం కాదు. అయితే నిజంలో సగం కోసి మిగతాది దాచేసింది. అన్న ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వేడవకు. నీ తప్పేముంది ఇందులో? అదే చూసుకోలేదు."

ఆ చెయ్యి భుజం మీద నిప్పుకణికలా అనిపించింది. కన్నీళ్ళు ఆగలేదు. దాంతో అన్న ఇంకా ఓదార్చాడు.

ఆ తర్వాతి రోజుల్లో తూనీగ చెయ్యని పని లేదు. లాబ్‌లో నమూనాలు అప్పగించగానే అన్న ఇంటికి పరిగెత్తేది. వంట చేసింది, వదినకు తల దువ్వింది, కట్లు మార్పించింది, మంచం పక్కనే కూర్చుని పళ్ళు కోసిచ్చింది. చూడవచ్చినవాళ్ళు, "సొంత చెల్లెలైనా ఇంత చెయ్యదమ్మా," అని మెచ్చుకుంటుంటే గిన్నెలు కడిగే నెపంతో లోపలికి తప్పుకునేది. వచ్చినవాళ్ళు వదినకు మాత్రం నీతులు చెప్పి వెళ్ళేవారు. "ఈ వయసులో బండెందుకమ్మా నీకు? లైటు చూసుకోవద్దూ?" వదిన తల ఊపేది. "నిజమేనండీ. నాదే పొరపాటు."

తను స్కూటరు తియ్యడం కూడా తూనీగకు కష్టమైంది. కూడళ్ళ దగ్గర అంకెలు పదిలో ఉండగానే ఆగిపోయేది. వెనకనుంచి హారన్లు మోగినా కదిలేది కాదు. రెండు రోజులు లాబ్‌కు ఆలస్యంగా చేరింది. "నీకేమైంది తూనీగా, రెక్కలు తడిశాయా?" అన్నాడు లాబ్ మేనేజరు. ఒకరోజు ఒక పెద్దాయన చేతికి సూది గుచ్చుతుంటే నరం తప్పింది. నరం దొరకని చేతుల్లో కూడా మొదటి ప్రయత్నానికే రక్తం తీస్తుందని పేరున్న మనిషి. "మరేం ఫర్వాలేదమ్మా, ఇంకోసారి చూడు," అన్నాడాయన. ఆ మంచితనాన్ని ఆమె తట్టుకోలేకపోయింది. మెట్ల మీద కూర్చుని ఏడ్చి, మొహం కడుక్కుని, ఇంకో ఇంటికి వెళ్ళింది.

రోజూ అనుకునేది, ఇవాళ చెప్పేస్తానని. నొప్పి తగ్గాక చెబుదాం. కట్టు తీశాక చెబుదాం. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేశాక చెబుదాం. వాయిదాకు ఎప్పుడూ ఒక మంచి కారణం దొరికేది. అలా ఏడువారాలు గడిచాయి.

వదిన కర్రతో మిషను దగ్గరికి చేరింది. కుడికాలి చీలమండ వంగదు కాబట్టి ఎడమకాలితో పెడల్ నొక్కడం నేర్చుకుంటోంది. కుట్టు వంకర పోతే ఊడదీసి మళ్ళీ మొదలుపెట్టేది. కాలు సంగతి సరే, మనిషే మారిపోయింది. పొయ్యి ఆర్పి నాలుగడుగులు వేశాక మళ్ళీ వెనక్కి వచ్చి చూసేది. తలుపు గడియ రెండుసార్లు, మూడుసార్లు లాగి చూసేది. దంతవైద్యుడు తన కిటికీలు ఇంకా అలాగే ఉన్నాయని ఫోన్ చేస్తే, వేరేవాళ్ళను చూసుకోమని చెప్పి పెట్టేసింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం తూనీగ వెళ్ళేసరికి అన్న వాకిట్లో స్కూటరు తుడుస్తున్నాడు. సొట్టలు తీయించి రంగు వేయించాడు.

"అమ్మేద్దామనుకుంటున్నాం. నీకు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పు."

"వదిన ఒప్పుకుందా?"

"అదే అమ్మెయ్యమంది."

లోపల వదిన బల్ల మీద గుడ్డ పరిచి టేపు పట్టుకుని ఉంది. తూనీగను చూడగానే పిలిచింది.

"ఇలా రా. ఇక్కడ ఎంతుందో చూసి చెప్పు."

"నూట నలభై రెండు."

"సరిగ్గా చూడు."

"నూట నలభై రెండే వదినా. నువ్వు రాసుకున్నది కూడా అదేగా?"

"రాశాననుకో. మూడుసార్లు కొలిచాను. అయినా నా కళ్ళ మీద నాకు నమ్మకం లేదే. అంత పెద్ద ఎర్ర లైటు కనబడని కళ్ళు ఇవి. ఈ గీతలు కనబడతాయా?" వదిన నవ్వబోయింది. నవ్వు రాలేదు. "ఇరవై రెండేళ్ళుగా కుడుతున్నాను. కత్తెర పట్టుకుంటే ఇప్పుడు చెయ్యి ఆడటం లేదు."

తను విరగ్గొట్టింది ఒక కాలే అనుకుంది ఇన్నాళ్ళూ.

"వదినా, ఆ లైటు నీకు కనబడకపోవడం కాదు. చూడొద్దని నేనే చెప్పాను."

వదిన టేపు కింద పెట్టింది. "ఏమన్నావు?"

ఇక దాపరికం లేకుండా చెప్పేసింది. గేటు దగ్గర తను అన్న మాట, అద్దాలు మడిచి ఉంచడం, రెండో కూడలిలో వెనక్కి చూడకుండా దూసుకుపోవడం. చెబుతున్నంతసేపూ వదిన కళ్ళలోకి చూడలేదు. గుడ్డ మీద సుద్దగీతనే చూస్తూ చెప్పింది. చివరికి మొదటి కూడలి సంగతి మిగిలింది. చెప్పడానికి అన్నిటికన్నా కష్టమైనది అదే.

"మొదటి కూడలిలో నువ్వు ఆగావు. నేను దాటేశాను, నువ్వు మాత్రం ఆగావు. అవతల నేను నిలబడి, ఎందుకాగావని నిన్ను తిట్టాను. నేను దాటితే నువ్వూ దాటెయ్యమన్నాను. అందుకే రెండోచోట..."

బయట అన్న స్కూటరు మీద నీళ్ళు చల్లుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఆగానా?" అంది వదిన.

"ఆగావు."

"పసుపు లైటు చూసి ఆగానా? నా అంతట నేనే?"

"నీ అంతట నువ్వే."

"గీత మీదకు వెళ్ళిపోయానా?"

"లేదు. గీతకు బెత్తెడు ఇవతలే. కాలు కింద పెట్టి, నిటారుగా కూర్చుని ఉన్నావు. నేను అవతల నుంచి చూశాను."

వదిన రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందనుకుని తూనీగ దగ్గరికి వెళ్ళబోయింది. వదిన చెయ్యి అడ్డం పెట్టింది.

"దగ్గరికి రాకు." అది ఏడుపు గొంతు కాదు. "కాలు విరిగింది. విరిగితే విరిగింది, రోడ్డన్నాక జరుగుతాయి. నీకు తొందరెక్కువని తెలిసీ నీ వెనక వచ్చాను, ఆ తప్పు నాది కూడా. కానీ నాకేం జరిగిందో తెలిసినదానివి నువ్వొక్కదానివే. ఆ పొద్దుట నాది. అది నీ దగ్గర దాచుకుని, పక్కనే కూర్చుని పళ్ళు కోసిపెట్టావు! దారిన పోయేవాళ్ళందరూ వచ్చి నన్ను గుడ్డిదానివంటుంటే విన్నావు. నేను కూడా నన్ను అలాగే అనుకుంటుంటే చూస్తూ కూర్చున్నావు."

"భయమేసింది వదినా."

"నాకు వెయ్యలేదా? పొయ్యి ఆర్పానో లేదో అని రాత్రీ పగలూ భయపడి చచ్చాను. ముందు మీ అన్నయ్యకు చెప్పు. చెప్పి ఇంటికి వెళ్ళు. నేను పిలిచే దాకా రాకు."

అన్నకు వాకిట్లోనే చెప్పింది. ఆయన తడిగుడ్డ పిండుతూ విన్నాడు. తిట్టలేదు. "నీ తప్పేముందని నిన్ను ఓదార్చానే ఆ రోజు," అన్నాడు చివరికి. ఆ ఒక్క మాటే అని లోపలికి వెళ్ళిపోయాడు. చెంపదెబ్బ కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

మర్నాడు తూనీగ పోలీస్ స్టేషన్‌కు కూడా వెళ్ళింది. కాగితాలు మార్చడానికి ఏమీ లేదన్నాడు ఆ ట్రాఫిక్ పోలీసు. ఎర్ర లైటు దాటింది ఎవరో కాగితానికి కావాలి, ఎందుకు దాటిందో అక్కర్లేదు. శిక్ష పడితే కాస్త తేలికపడేదేమో. అదీ లేకపోయింది. అక్కడి నుంచి అడ్రసు కనుక్కుని వ్యాను డ్రైవరు దగ్గరికి వెళ్ళింది. అతను ఇప్పటికీ ఆకుపచ్చ పడ్డాక కూడా మూడు లెక్కపెట్టి గాని బయల్దేరడట. "నేను బాగానే ఉన్నానమ్మా. ఆవిడ నడుస్తోందా?" అని మాత్రం అడిగాడు.

మూడు వారాలు పిలుపు రాలేదు. తర్వాత ఒక సాయంత్రం వదిన ఫోన్ చేసింది. పలకరింపులేమీ లేవు.

"బండి అమ్మలేదు. మన మైదానంలోనే స్కూటరు నేర్పే ఆవిడ ఉందట, ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైందట. వచ్చే నెల డాక్టరు సరే అనగానే చేరుతున్నాను. నువ్వూ చేరు."

"నేనా? నేర్చుకోవడానికా?"

"మరి? నేర్పడానికనుకున్నావా?"

నేర్పే ఆవిడ ఈల మెడలో వేసుకుని, ఎండటోపీ పెట్టుకుని ఉంది. తూనీగ పదకొండేళ్ళ అనుభవం గురించి విని ముక్కు మీద వేలేసుకుంది. "ఒకే తప్పు పదకొండేళ్ళు చేస్తే అది అనుభవం కాదమ్మా, అలవాటు. ముందు ఆ అద్దాలు విప్పు." నెమ్మదిగా, నడిచే మనిషి వేగంతో, రెండు తాళ్ళ మధ్య నుంచి కాలు కింద పెట్టకుండా బండి నడపమంది. వదిన కుడికాలు పట్టేస్తున్నా నడిపింది. తూనీగ మూడుసార్లు కాలు పెట్టింది. వేగంగా తప్ప ఆమెకు బండి నిలబెట్టడం రాదని ఆ రోజు తెలిసింది. ముందు బండికీ మనకూ మధ్య రెండు అంకెలు లెక్కపెట్టేంత ఖాళీ ఉండాలి, మలుపు తిరిగే ముందు అద్దంలో చూసి, ఆ పైన మెడ తిప్పి కూడా చూడాలి, బస్సు డ్రైవరు మొహం నీకు కనబడకపోతే నువ్వూ అతనికి కనబడనట్టే. ఆవిడ చెబుతుంటే వదిన చిన్న పుస్తకంలో రాసుకునేది. ఇవన్నీ అప్పట్లో ఇదే మైదానంలో వదిన తనను అడిగిన ప్రశ్నలేనని తూనీగకు అర్థమయ్యేది. ప్రతిదానికీ తను నవ్విన నవ్వు గుర్తొచ్చేది.

"నన్ను క్షమించావా వదినా?" అని ఒకరోజు మైదానం అంచున నీళ్ళు తాగుతూ అడిగింది.

వదిన ఆలోచించింది. "ఇంకా లేదు. మెట్లెక్కేటప్పుడు నొప్పి పుడితే నీ మీద కోపం వస్తుంది. దిగేటప్పుడు పోతుంది. మా ఇంటికి మెట్లు ఎక్కువున్నాయి, ఏం చెయ్యమంటావు?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. ముందు ఆపింది తూనీగే.

వానలు తగ్గాక వదిన దంతవైద్యుడికి తనే ఫోన్ చేసింది. ఆయన కిటికీలకు ఇంకా పాత దుప్పట్లే వేలాడుతున్నాయట. వెంట వస్తానని తూనీగ అడిగింది. అక్కర్లేదంది వదిన. అన్న వస్తానన్నా వద్దంది. అడ్రసు కాగితం మీద రాసుకుని, దారి ముందురోజు బస్సులో వెళ్ళి చూసి వచ్చింది.

ఆ పొద్దున తూనీగ లాబ్‌లో గొట్టాలకు పేర్లు అంటిస్తోంది. పదిన్నరకు వదిన బయల్దేరి ఉంటుంది. పదకొండయింది. పదకొండుంబావయింది. ఒక గొట్టానికి తప్పు పేరు అంటించబోయి, ఆపి, కాగితం పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏ కూడలిలో ఎలాంటి లైటు పడి ఉంటుందో ఊహించుకుంటూ, ఊహించుకోకూడదనుకుంటూ. పన్నెండుకు పది నిమిషాలుందనగా ఫోన్ మోగింది.

"చేరాను," అంది వదిన. వెనక ఎవరో కుర్చీ జరుపుతున్న చప్పుడు.

"ఇంతసేపు పట్టిందేం వదినా? అంతా బాగానే ఉందా?"

"లైట్లన్నిటికీ ఆగాను కదా, పట్టదూ? ఇక పెట్టెయ్, కిటికీ కొలవాలి."

ఫోన్ కట్టయింది. తూనీగ కాసేపు దాన్ని అలాగే చెవి దగ్గర పెట్టుకుని కూర్చుంది.